బత్తాయి తోట అంచనా: నోటితో చెప్పాలా, చీటీ రాయాలా?

నల్లగొండ వైపు బత్తాయి తోటను కోతకు ముందే గుత్తకు ఇచ్చే రైతులు ఉన్నారు. చెట్టు మీది కాయ చూసే ఎన్ని టన్నులొస్తుందో తేల్చుకోవాలి. లెక్క తప్పితే ఏడాది కష్టం పోయినట్టే.

మా తోటలో బాపు, చిన్నాయన, మామ, నేను గట్టు మీద నిలబడ్డాం. పెద్దవాడు కాబట్టి ముందు మామే అన్నాడు, "ఇరవై టన్నులు దాటదు." "అవు, గంతే" అన్నాడు చిన్నాయన. బాపు తలూపాడు. లోపలి వరుసల్లో కొమ్మలు కాయ బరువుకు నేలను తాకుతున్నాయి, నేను చూసి వచ్చాను. నా మనసులో 26 ఉంది. నోటికి వచ్చింది మాత్రం 22. అందరిదీ ఒకటే మాట అనుకుని బేరం ఒప్పుకున్నాం. కోతయ్యాక లారీల తూకం 25 దాటింది. మేం వేసింది నాలుగు అంచనాలు కాదు, ఒక్కటే. మిగతా ముగ్గురం వంత పాడాం.

మరుసటేడు చీటీలు రాయించాను. ఎవరిది వాళ్లు మడిచి రుమాల్లో వేశారు. అంకెలు చాలా దూరంగా వచ్చాయి, బాపుకు టెన్షన్ కూడా పట్టుకుంది. కానీ ఆ తేడాలే పనికొస్తాయి: ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ వేస్తే తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. 1906లో ఇంగ్లండ్‌లోని ప్లిమత్‌లో ఒక ఎద్దును కోసి శుభ్రం చేశాక ఎంత తూగుతుందో జనం చీటీల మీద రాశారు. ఫ్రాన్సిస్ గాల్టన్ అనే శాస్త్రవేత్త 787 చీటీలను వరుసగా పేర్చితే మధ్య అంకె 1207 పౌండ్లు, అసలు తూకం 1198. సగటు కన్నా మధ్య అంకె తీసుకోవడం నయం, ఎవరో ఒకరు అడ్డగోలుగా రాసినా అది పెద్దగా కదలదు.

2011లో స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ పరిశోధకులు 144 మంది విద్యార్థులకు ఇతరుల అంచనాలు చూపించారు. అంకెలు దగ్గరపడ్డాయి, నమ్మకం పెరిగింది. గుంపు లెక్క మాత్రం మెరుగుపడలేదు. మా గట్టు మీద జరిగిందీ అదే.

అలాగని మాటలు దండగ కాదు. అందరూ రోడ్డు మీది నుంచే తోట చూస్తే ఎన్ని చీటీలు రాసినా అంతే సంగతి. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో 5180 మందితో చేసిన ప్రయోగంలో ముందు ఎవరికి వాళ్లు రాసి, తర్వాత ఐదుగురేసి చర్చించి ఒక జవాబుకు వచ్చారు. అలాంటి నాలుగు గుంపుల సగటే వేలమంది విడివిడి అంచనాల సగటును మించింది.

కాబట్టి నా ఓటు చీటీకే, అదీ ముందు. చీటీలు విప్పాక అందరికన్నా తక్కువ, ఎక్కువ రాసినవాళ్లు ఎందుకో చెప్పాలి. చిన్నవాడు ముందు, మామ చివర. తర్వాత ఇంకోసారి చీటీ.