ఉంగరాల జుత్తుకి ఇంట్లోనే జడ: ఏడేళ్ళ వాడకం తర్వాత

ఇది ఒక నూనె గురించో షాంపూ గురించో రాస్తున్న సమీక్ష కాదు. 2018 వానాకాలం నుంచి నా తలకి, ఆ మరుసటేడు నుంచి మా అమ్మాయి తలకి నేనే ఇంట్లో వేస్తూ వచ్చిన జడల సంగతి. ఇద్దరిదీ ఒకటే జుత్తు: సుద్దముక్క లావు రింగులు, ముసురు పట్టిందంటే తల రెట్టింపవుతుంది. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా. పక్కింటి మావుసీ మా అమ్మాయి తల నిమిరి 'కుంచుకుంచియా బాళ' (ఉంగరాల జుత్తు) అని మురిసిపోతుంది. మా అత్తయ్య మాత్రం పిచ్చుక గూడు అంటుంది. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమేనని సామెత చెప్పినావిడ జుత్తు తిన్నగా ఉండి ఉంటుందని నా అనుమానం.

నా చిన్నప్పుడు బడికి రెండు జడలు, మడిచి ఎర్ర రిబ్బను. తల నిండా నూనె పెట్టి, పొడిగా ఉన్న జుత్తునే సన్నపళ్ళ దువ్వెనతో నెత్తి మీంచి కిందకి లాగేవారు. కళ్ళు పక్కలకి సాగేంత బిగువు. బిగువుగా వేస్తేనే సాయంత్రం దాకా చెదరదని ఇంట్లో నమ్మకం. పదేళ్ళు అలా సాగింది. ముప్ఫై దాటాక అద్దంలో చూసుకుంటే కణతల దగ్గర జుత్తు పలచబడి, పాపిడి ముందు భాగం వెడల్పయింది. బరంపురంలో చర్మం డాక్టరు చూసి, ఏళ్ళ తరబడి లాగి కట్టడం వల్ల వచ్చిందని, మొదట్లోనే బిగువు మానేస్తే తిరిగి వస్తుందని, కుదుళ్ళు చచ్చిపోయాక రాదని చెప్పారు. నాకు ఎడమ కణత దగ్గర కొంత వచ్చింది, కుడివైపు రాలేదు. అప్పటినుంచే ఈ పని నా చేతుల్లోకి తీసుకున్నాను.

మొదటి ఆరు నెలలూ తప్పులే. ఫోన్లో వీడియోలు చూసి అందులో చెప్పినవన్నీ చేశాను. ఆండ్రే వాకర్ అనే అమెరికా హెయిర్ స్టైలిస్ట్ పెట్టిన లెక్కలో తిన్నని జుత్తు 1, అలల జుత్తు 2, రింగులు 3, బాగా బిగుసుకున్న మెలికలు 4. మాది మూడులో మొదటి మెట్టు. నేను చూసిన వీడియోల్లో సగం నాలుగో రకం వాళ్ళవి. వాళ్ళకి నిలిచే జడ మాకు జారిపోతుంది, వాళ్ళకి కావలసిన మందపాటి క్రీము మా జుత్తుని జిడ్డుముద్ద చేస్తుంది. ఈ సంగతి తెలిసేసరికి రెండు డబ్బాలు అయిపోయాయి.

ఇప్పుడు నా పద్ధతి. ఉంగరాల జుత్తుకి జడ అల్లడం పది నిమిషాల పని. చిక్కు తీయడమే అసలు పని. అది సరిగ్గా జరిగితే ఏ జడైనా కుదురుతుంది, జరగకపోతే ఏదీ కుదరదు. తిన్నని జుత్తులో ఊడిన వెంట్రుకలు దువ్వగానే రాలిపోతాయి. మనకి అవి రింగుల్లోనే చిక్కుకుని ఉండిపోయి వారానికోసారి ఒక్కసారిగా ముద్దలా వస్తాయి. మొదట్లో ఆ ముద్ద చూసి ఏడ్చాను. రోజుకి యాభై నుంచి వంద వెంట్రుకలు ఊడడం మామూలేనట. వారం రోజులవి ఒకేసారి చేతిలోకి వస్తే అంత కనబడకుండా ఎలా ఉంటుంది?

ఆదివారం తలంటు. అయ్యాక టర్కీ తువ్వాలుతో రుద్దను, పాత నూలు చీర ముక్కతో అద్దుతాను. నీళ్ళు కారడం ఆగి, ముట్టుకుంటే చెమ్మ తెలిసేలా ఉన్నప్పుడు నాలుగు భాగాలు చేసి మూడింటిని క్లిప్పులతో పైకి పెడతాను. చేతిలో ఉన్న భాగానికి కండిషనర్ కలిపిన నీళ్ళు కొట్టి, ముందు వేళ్ళతో, తర్వాత వెడల్పు పళ్ళ దువ్వెనతో, చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి వెళ్తాను. చిక్కుకి పైన జుత్తుని పిడికిట్లో పట్టుకుంటే లాగుడు కుదుళ్ళకి తగలదు. మా అమ్మాయి ఏడవడం మానేసింది ఈ ఒక్క పిడికిలి వల్లే.

దువ్వెన గురించి ఒక మాట. మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. కొమ్ముల్ని వేడిచేసి సాపుచేసి, కోసి, నునుపు తీసి కొంగలూ చేతికర్రలూ దువ్వెనలూ చేస్తారు. ఇక్కడే పుట్టి పెరిగి కూడా ఆ దువ్వెనని బొమ్మలాగే చూశాను. 2020లో ఒకటి కొని వాడడం మొదలుపెట్టాను. ప్లాస్టిక్ దువ్వెన పళ్ళ మధ్య అచ్చు గీత ఒకటి ఉంటుంది. గోటితో గీరితే తెలుస్తుంది. రింగు జుత్తు దానికి పట్టుకుని తెగుతుంది. కొమ్ము దువ్వెనకి ఆ గీత ఉండదు. కానీ దాని జబ్బులు దానికున్నాయి. ఒకసారి శుభ్రం చేద్దామని వేడినీళ్ళలో నానబెడితే వంకర తిరిగింది. వేడికి మెత్తబడుతుంది కాబట్టే దాన్ని సాపు చేయగలుగుతున్నారన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు. ఇంకోసారి బీరువాలో ఏడాది వదిలేస్తే పురుగు కొరికింది. చల్లటి నీళ్ళతో కడిగి, వెంటనే తుడిచి, అప్పుడప్పుడు చుక్క కొబ్బరినూనె రాసి వాడితే మటుకు నా దగ్గరున్న దువ్వెనలన్నిట్లో ఇదే మంచిది.

నూనె విషయంలో అత్తయ్యతో ఏడేళ్ళ యుద్ధం. "నూనె రాయని తలకి జడేటమ్మా, ఎండుగడ్డికి తాడు పేనినట్టు!" అంటుంది. ఆవిడ మాటలో సగం నిజముంది. రింగు జుత్తులో నెత్తి మీద పుట్టే జిడ్డు మెలికలు దాటి చివరిదాకా జారదు, అందుకే చివర్లు ఎప్పుడూ పొడిబారి ఉంటాయి. కొబ్బరినూనె వెంట్రుక లోపలికి ఇంకి ప్రోటీన్ నష్టాన్ని తగ్గిస్తుందని, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ ఆ పని చేయవని 2003లో ఒక పరిశోధన వచ్చింది. చేసినది కొబ్బరినూనె అమ్మే కంపెనీవాళ్ళే, అయినా నా అనుభవం దానికి ఎదురు తిరగలేదు. తలంటుకి ముందు రాత్రి చివర్లకి పట్టిస్తాను, పొద్దున్న కడిగేస్తాను. జడ వేశాక పైన నూనె రాయడం మానేశాను. దుమ్ము పట్టడం, దిండు గలేబు నల్లబడడం తప్ప దానివల్ల లాభం కనబడలేదు. ఆముదం రెండు నెలలు వాడి వదిలేశాను. చిక్కు తీయడం బదులు చిక్కుని అంటించింది.

కుంకుడుకాయకి మటుకు పూర్తి మార్కులు. మా బోరు నీళ్ళు గట్టి నీళ్ళు, బట్టల సబ్బు నురగే రాదు. కుంకుడు రసం ఆ నీళ్ళలో కూడా శుభ్రం చేస్తుంది. కంట్లో పడితే చుక్కలు కనబడతాయి, మా అమ్మాయి నుదుటికి తువ్వాలు కట్టుకుని కూర్చుంటుంది.

జిగురుకి మందారాకు, అవిసె గింజలు రెండూ వాడి చూశాను. మందారాకు పిసికిన రసం చిక్కు తీయడానికి చాలా బాగుంటుంది. పల్చటి గుడ్డలో వడకట్టకపోతే ఆకు తునకలు ఎండి చుండ్రులా రాలతాయి, పెళ్ళిలో పరువు పోయింది నాకు. అవిసె జెల్ జడని ఎక్కువసేపు నిలబెడుతుంది. రెండు చెంచాల గింజలు రెండు కప్పుల నీళ్ళలో గుడ్డు తెల్లసొన చిక్కదనం వచ్చేదాకా మరిగించి, వేడిమీదే వడకట్టాలి. చల్లారిందో, ఎంత పిండినా గుడ్డ దాటదు. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. గ్లిజరిన్ ఉన్న కొనుగోలు క్రీములు శీతాకాలంలో పరవాలేదు. శ్రావణమాసంలో రాశారో, గాలిలో చెమ్మంతా తలకెక్కి జుత్తు పొంగుతుంది.

ఇక జడలు.

మామూలు మూడు పాయల జడే నా రోజువారీ జడ. మెడ దగ్గర మొదటి మూడు అల్లికలు వదులుగా, భుజం దాటాక కొంచెం బిగువు. చిన్నప్పుడు దీనికి సరిగ్గా తిరగేసి చేశారు. రెండు రోజులు నిలుస్తుంది, మూడో రోజుకి చెవుల దగ్గర రింగులు బయటికొస్తాయి. వాటిని పిన్నులతో అణచడం మానేశాను.

చివర కట్టడానికి ఉత్త రబ్బరు బ్యాండు వద్దు, తీసేటప్పుడు జుత్తుతో పాటే వస్తుంది. గుడ్డ చుట్టినవి నయం. అన్నిటికన్నా మంచివి మా అమ్మమ్మ పెట్టెలో దొరికిన నల్లదారం జడకుచ్చులు. జడ సగంలో పాయలతో కలిపి అల్లేస్తే చివర దానంతటదే ముడి పడుతుంది, జారదు, లాగదు. ఇప్పుడు పాతపట్నం వెళ్ళినప్పుడు కొంటున్నాను. సవరం మాత్రం రెండు పెళ్ళిళ్ళకి పెట్టి మానేశాను. బరువంతా పలచటి పాయల మీద పడి రాత్రి నెత్తి నొప్పి పుట్టింది. నొప్పి పుట్టే జడ అందంగా ఉన్నా విప్పేయడమే.

రాత్రి వదులుగా రెండు జడలు, శాటిన్ గలేబు. మొత్తం ఏడేళ్ళలో ఎక్కువ లాభం ఇచ్చింది ఇదే. పొద్దున్న చిక్కు సగానికి సగం తగ్గింది. అయితే జడ రింగుని సాగదీస్తుంది. తడికి వెంట్రుకలోని హైడ్రోజన్ బంధాలు విడిపోయి, ఆరేటప్పుడు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్ళీ కట్టుకుంటాయి, కాబట్టి పొద్దున్న విప్పితే రింగులు కాదు, అలలు ఉంటాయి. రింగులే కావాలంటే మూడు పాయలు కాకుండా రెండు పాయల్ని తాడులా మెలిపెట్టి పడుకోవాలి.

పూర్తి తడి జుత్తుకి జడ వేయడం నేను చేసిన పెద్ద తప్పు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినప్పుడు బిగించి అల్లితే ఆరాక ఇంకా బిగుసుకుంటుంది. పైగా వానాకాలంలో లోపల ఆరదు. ఒక ఆషాఢంలో సోమవారం పొద్దున్న వేసిన జడ మంగళవారం సాయంత్రం విప్పితే నడుమ ఇంకా చెమ్మే, ముక్కవాసన. వెనకాలే చుండ్రు వచ్చింది. అందుకే ముసురు రోజుల్లో తలంటు మధ్యాహ్నానికి మార్చి, ఫ్యాను కింద గంటన్నర ఆరాకే అల్లుతున్నాను.

నెత్తి నుంచే పాయలు కలుపుకుంటూ అల్లే ఫ్రెంచ్ జడ నా తలకి నేను వేసుకోవడం రెండేళ్ళకి వచ్చింది. చేతులు పీకుతాయి, అది అందరికీ ఉన్నదే. రింగు జుత్తుకి ప్రత్యేకమైన బాధ వేరు: పైన పాయలు కలుపుతుంటే కింద వేలాడే మూడు తోకలు ఒకదానితో ఒకటి ముడిపడిపోతాయి. ప్రతి నాలుగు అల్లికలకి ఆగి కింద వేళ్ళు పోనివ్వాలి. ఈ మాట ఏ వీడియోలోనూ వినలేదు.

నెత్తికి అంటిపెట్టుకుని వరసలుగా వేసే సన్న జడలు, ఆఫ్రికా వాళ్ళ కార్న్‌రోలు, పూరి ప్రయాణానికి ముందు నా తలకి చెల్లెలి చేత వేయించుకున్నాను. మూడు గంటలు కూర్చున్నాను. గుణుపురం-పూరి రైల్లో కిటికీ పక్కన కూర్చున్నా ఒక్క పోగు చెదరలేదని గర్వపడ్డాను. సముద్రంలో ఒక్క మునక వేశాక కుదుళ్ళ దగ్గర వదులై, మూడోరోజుకి ఊడిన జడ, ఊడని జడ కలిసి చాప చిరిగినట్టు తయారయ్యాయి. అది వాళ్ళ జుత్తుకి వాళ్ళు తరాల తరబడి పెంచుకున్న విద్య. మా రకానికి పట్టు చాలదు, పట్టు కోసం బిగిస్తే నా కణతల కథే మళ్ళీ.

మా అమ్మాయి బడిలో రెండు జడలు తప్పనిసరి. మొదటేడు డైరీలో 'జుత్తు దువ్వి పంపండి' అని రాసి పంపారు. ఆ రోజు నలభై నిమిషాలు దువ్వి పంపిన తల అది. వెళ్ళి మాట్లాడితే, తిన్నగా లేని జుత్తు దువ్వని జుత్తు కాదన్న సంగతి వాళ్ళకి విడమరచి చెప్పాల్సి వచ్చింది. టీచరుకి కోపం రాలేదు, నాకే వచ్చింది. తర్వాత పేలు వచ్చినప్పుడు అదే బడి నుంచి అందరికీ చీటీ వచ్చింది. పేల దువ్వెన రింగు జుత్తులో పొడిగా దిగదు. తల నిండా కండిషనర్ పట్టించి, తడిమీద, సన్న పాయలుగా, మూడు నాలుగు రోజులకోసారి రెండు వారాలు దువ్వితే పోయాయి.

ఖర్చు తక్కువే. టైమ్ మాత్రం ఎక్కువ పడుతుంది: ఆదివారం ఇద్దరికీ కలిపి గంటన్నర, మామూలు రోజుల్లో పావుగంట. ఆ గంటన్నర దొరకని వారాల్లో నేను కొప్పు ముడేసుకుంటాను, మా అమ్మాయికి రెండు జడలు వదులుగా వేసి పంపేస్తాను. ఎవరూ చచ్చిపోలేదు. పొడి జుత్తు దువ్వడం, మరిగే నూనెలు, ఏడువేల రూపాయలకి తిన్నగా చేయించుకోవడం, వీటి జోలికి మళ్ళీ వెళ్ళను. జుత్తు నెలకి సుమారు సెంటీమీటరున్నర లోపే పెరుగుతుంది. తిన్నగా చేయించిన భాగం పూర్తిగా కత్తిరించి పోవడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

ఈ మధ్య మా అమ్మాయి కుడి జడ తనే వేసుకుంటోంది. ఎడమ జడకి ఇంకా నా దగ్గరికే వస్తుంది, చెయ్యి తిరగట్లేదట. కొమ్ము దువ్వెనలో రెండో పన్ను విరిగింది, ఈ సంక్రాంతికి కొత్తది కొనాలి.