జర్మనీ స్టూడెంట్ హాస్టల్ గది: 14 చదరపు మీటర్లలో కాపురం

జర్మనీకి చదువుకు వెళ్లేవాళ్లు అడ్మిషన్ రాగానే చేయాల్సిన మొదటి పని స్టూడీరెండెన్‌వెర్క్‌లో గదికి పేరు రాయించుకోవడం. ఒక్కో ప్రాంతంలో విద్యార్థులకు హాస్టళ్లు, క్యాంటీన్లు నడిపే లాభాపేక్ష లేని సంస్థలివి. గది సాధారణంగా 12 నుంచి 18 చదరపు మీటర్లుంటుంది. 14 అంటే మన లెక్కలో దాదాపు 150 చదరపు అడుగులు. మంచం, పరుపు, బల్ల, కుర్చీ, బీరువా ఎక్కువ చోట్ల వాళ్లవే. హీటింగు, నీళ్లు, కరెంటు, ఇంటర్నెట్ చాలాచోట్ల అద్దెలోనే కలిసి ఉంటాయి. చాలా ఊళ్లలో మొత్తం 250-400 యూరోల మధ్య పడుతుంది. బ్లాక్డ్ అకౌంట్ (వీసా కోసం ముందే డబ్బు జమచేసి, నెలకు ఇంతని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) నుంచి నెలకు 992 యూరోలతో నెట్టుకొచ్చేవాళ్లకు బయట ఇంతకంటే మంచి బేరం తగలడం కష్టం. ఇబ్బందల్లా నిరీక్షణే. మ్యూనిక్ లాంటి చోట్ల సెమిస్టర్లకు సెమిస్టర్లు ఆగాలి.

గది చిన్నదన్న బాధ వారంలో పోతుంది. కుదురుకోవడానికి టైమ్ పట్టేది కిటికీతో, వంటింటితో.

ముందు పడక సంగతి. మంచం 90 × 200 సెంటీమీటర్లు. పరుపు ఉంటుంది కానీ దిండు, దుప్పటి ఉండవు. అక్కడి మామూలు దిండు 80 × 80, నలుచదరంగా ఉంటుంది. ఇంటి నుంచి తెచ్చిన గలీబు దానికి పట్టదు. అందుకని గలీబులు మోసుకెళ్లకండి, సింగిల్ కాట్ దుప్పట్లు రెండు చాలు. మన మూడు పిన్నుల ప్లగ్గు అక్కడి సాకెట్లో దూరదు. గోడ సాకెట్లకు స్విచ్చులూ ఉండవు. స్విచ్చు ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి అక్కడే కొనుక్కోవడం మేలు.

ఇక కిటికీ. పిడి కిందికి ఉంటే మూసినట్టు. అడ్డంగా తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది. పైకి తిప్పితే పైభాగం మాత్రం లోపలికి వాలుతుంది. రెక్క తెరిచి ఉండగానే పిడిని పైకి తిప్పారనుకోండి, పై కీలు వదిలేసి రెక్క కింది మూల మీద వేలాడుతుంది. ఊడి మీద పడేట్టుంటుంది గానీ పడదు. రెక్కను నిలబెట్టి, కీలు ఉన్న వైపు పై మూలను చట్రానికి గట్టిగా నొక్కిపట్టి, పిడిని అడ్డానికి తిప్పి, అప్పుడు మూయండి. కొన్నిటికి రెక్క అంచున చిన్న లివర్ ఉంటుంది, అది నొక్కితేగానీ పిడి కదలదు.

బూజు పట్టేది కూడా ఈ కిటికీ దగ్గరే. చలికాలంలో రాత్రంతా కిటికీ వాల్చి ఉంచి కింద హీటర్ వేస్తే గాలి పెద్దగా మారదు, చుట్టూ గోడ మాత్రం చల్లబడిపోతుంది. గదిలోని తేమ అక్కడే నీరై నిలిచి నల్ల మచ్చలు లేస్తాయి. హీటర్ కట్టేసి కిటికీ బార్లా తెరిచి ఐదు నుంచి పది నిమిషాలు ఉంచడం సరైన పద్ధతి. పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, గదిలోనే బట్టలు ఆరేస్తే మధ్యలో ఇంకోసారి. బయటి గోడకు బీరువాను ఆనించకండి, బెత్తెడు సందు వదలండి. హీటర్ మరను 5 మీద పెడితే గది త్వరగా వేడెక్కుతుందనుకోవడం భ్రమ. ఆ అంకె ఎంత వేడి దగ్గర ఆగాలో చెబుతుంది, అంతే. 3 అంటే సుమారు 20 డిగ్రీలు, చదువుకు అది సరిపోతుంది.

ఉమ్మడి వంటింట్లో మీకు దక్కేది ఫ్రిజ్‌లో ఒక అర, ఒక చిన్న అల్మారా. పొయ్యి ఎక్కువగా గాజు పలక మీద ఉండే కరెంటు పొయ్యి, కొన్నిచోట్ల ఇండక్షన్. రెంటికీ పనికొచ్చేది అడుగు చదునుగా ఉన్న స్టీలు కుక్కరే, మూడు లీటర్లది. అల్యూమినియం కుక్కర్ ఇండక్షన్ మీద వేడెక్కదు, గాజు మీద మరకలు వదులుతుంది. గాజు పొయ్యి కట్టేశాక కూడా చాలాసేపు వేడిగా ఉంటుంది కాబట్టి మూడు విజిల్స్ కావాలంటే రెండోదానికే కట్టేయండి. గ్యాస్కెట్, సేఫ్టీ వాల్వు రెండేసి అదనంగా తెచ్చుకోండి, అక్కడ మామూలు షాపుల్లో దొరకవు. రాత్రి పది దాటాక విజిల్ వేయించకండి, నిశ్శబ్ద వేళ మొదలవుతుంది. పక్కగదివాళ్లకు పప్పు వాసన నచ్చొచ్చు, కూత మాత్రం నచ్చదు.

తాలింపు దగ్గర చాలామంది చేసే తప్పు పొగ రాగానే వంటింటి తలుపు తెరవడం. కారిడార్లో స్మోక్ అలారం ఉంటుంది. కొన్ని భవనాల్లో అది నేరుగా ఫైర్ స్టేషన్‌కు కలిపి ఉంటుంది. బండి వచ్చిందంటే ఖర్చు మీ నెత్తిన పడొచ్చు. తలుపు మూసి, కిటికీ తెరిచి, 1 నుంచి 9 దాకా అంకెలుండే పొయ్యిని 5 దాటించకుండా ఆవాలు చిటపటలాడించండి. ఎండుమిర్చి ఆఖర్న వేయండి.

కాగితాల పని తక్కువే కానీ గడువుంటుంది. గదిలో దిగిన రెండు వారాల్లో చిరునామా నమోదు చేయించుకోవాలి. దానికి ఇంటివాళ్లు, అంటే ఇక్కడ హాస్టల్ ఆఫీసు, సంతకం పెట్టిన పత్రం తప్పనిసరి. అందుకని తాళాలు తీసుకునే రోజే దాన్ని అడగండి. తర్వాత నెలకు 18.36 యూరోల రేడియో-టీవీ రుసుము కట్టమని ఉత్తరం వస్తుంది. టీవీ లేదంటే వినరు. ఉమ్మడి ఫ్లాట్‌కు ఒక్కటే రుసుము కాబట్టి అప్పటికే కడుతున్న వాళ్ల నంబరు రాసి పంపితే సరిపోతుంది. కారిడార్‌లోకి నేరుగా తలుపున్న గదుల్లో మాత్రం ఎవరిది వాళ్లే కట్టాలి. కాబట్టి అద్దెలు పోల్చేటప్పుడు దీన్నీ కలుపుకోండి.

ఖాళీ చేసేటప్పుడు డిపాజిట్లో కోత పడే వాటిలో సున్నపు పొర ఒకటి. అక్కడి నీళ్లలో చాలా ఊళ్లలో సున్నం ఎక్కువ. షవర్ అద్దం, కుళాయి మొదలు తెల్లగా గట్టిపడతాయి. నీళ్లలో సిట్రిక్ యాసిడ్ కలిపి రెండు వారాలకోసారి తుడుస్తుంటే వచ్చేస్తుంది, ఏడాదిన్నర వదిలేస్తే గీకినా రాదు. దిగిన రోజే గోడల గీతలు, పరుపు మరకలు అప్పగింత పత్రంలో రాయించండి, లేకపోతే అవి మీ ఖాతాలో పడతాయి. తాళంచెవి పోతే ఇంకా ఖరీదు. మొత్తం భవనానికి ఒకే తాళాల వ్యవస్థ ఉంటే బిల్లు వందల్లో ఆగకపోవచ్చు. బాధ్యత బీమా (మీవల్ల ఇతరులకు జరిగిన నష్టాన్ని భరించేది) తీసుకునేటప్పుడు తాళంచెవి పోగొట్టుకోవడం అందులో ఉందో లేదో చూసి సంతకం పెట్టండి.