‘నా తమ్ముడికైతే ఇదే ఇస్తా’ అన్నాడు: మొదటి లగ్జరీ వాచీ కొనబోయేవాళ్లు ఒక్క నిమిషం ఆగండి

నిన్న సాయంత్రం ఆరున్నరకి 2,10,000 రూపాయల వాచీ జేబులో వేసుకుని ఆ షాపు మెట్లు దిగాను. ఆరున్నర అని ఎలా తెలుసంటే, ఫోన్ చూసుకున్నా. వాచీ అప్పటికి ఆగిపోయి ఉంది.

షాపు పేరు రాయను. రాస్తే లాయర్ నోటీసు వస్తుందని వాళ్ల మనిషి గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పాడు. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్ స్విస్ వాచీల కోసం నెలరోజులు రీల్స్ తిప్పినవాళ్లకి ఈపాటికే అర్థమై ఉంటుంది. తెల్ల గ్లౌజులు వేసుకుని వాచీని పురిటిబిడ్డలా ఎత్తి చూపిస్తారే, వాళ్లే.

కథంతా చెప్పే ఓపిక లేదు. డిసెంబరులో నలభై నిండుతాయి. ఈ ఒక్కసారి నాకోసం మంచి వాచీ ఒకటి కొనుక్కోవాలనుకున్నా. ఎనిమిది నెలలు ఆలోచించా. టిస్సో పీఆర్ఎక్స్ చూశా, లాంజీన్ చూశా, ఒమేగా ధర విని మంచినీళ్లు తాగి వచ్చేశా. చివరికి మనసు ట్యూడర్ బ్లాక్ బే 58 మీద పడింది. 2018లో వచ్చిన నల్ల డయల్ది. 39 మిల్లీమీటర్లు, నా సన్న చేతికి సరిపోయే సైజు. రోలెక్స్ పెట్టిన హాన్స్ విల్స్‌డార్ఫే పెట్టిన కంపెనీ. పైగా డయల్ మీద తేదీ గోల లేదు. కొత్తది మూడు లక్షల పైమాటే. చీటీ పాడితే నా చేతికొచ్చింది రెండు లక్షల చిల్లర. కొత్తదే ఎందుకు, ఎవరో రెండేళ్లు పెట్టుకున్నది తీసుకుంటే పోలా అనే పురుగు అక్కడ దూరింది బుర్రలో.

మా ఆవిడ ఒక్క మాటే అంది. "మామయ్యగారి హెచ్ఎంటీ బీరువాలో ఉందిగా, ముందు దానికి కీ ఇచ్చి చూడండి." నేను నవ్వాను. ఇప్పుడు ఆవిడ నన్ను చూసి నవ్వట్లేదు, అదే ఇంకా బాధగా ఉంది.

మొదటిరోజు మర్యాద గురించి ఏం చెప్పమంటారు! ఇరానీ చాయ్ వచ్చింది, వెనకాలే ఉస్మానియా బిస్కెట్లు. నన్ను "అన్నా" తప్ప ఇంకో పిలుపు లేదు. "అన్నా, నీ దగ్గర లాభం తీస్కుంటనా? నా తమ్ముడికైతే ఇదే ఇస్తా." బాక్సు ఉంది, కార్డు ఉంది, పుస్తకం ఉంది. కార్డు మీది సీరియల్ నంబరు, వాచీ మీది నంబరు పక్కపక్కన పెట్టి భూతద్దంలో ఒక్కో అంకె చదివించాడు. రెండూ కలిశాయి. నేను పడిపోయింది అక్కడే. వాచీకే నకలు దింపగలిగినవాడికి ప్లాస్టిక్ కార్డు మీద అదే నంబరు కొట్టించడం ఒక లెక్కా? ఈ ముక్క ఆ పూట తట్టలేదు.

ఇంకొంచెం ఆలోచిస్తానన్నా. వెంటనే ఫోన్ మోగింది. "మాదాపూర్ పార్టీ దారిలో ఉన్నడన్నా. నువ్వు వద్దంటే ఆయనకిచ్చేస్తా, నీ ఇష్టం." ఎనిమిది నెలలు ఆలోచించినవాణ్ణి ఎనిమిది నిమిషాల్లో ఊ కొట్టేశా. ఆ మాదాపూర్ పార్టీ ఇవాళ్టికీ దారిలోనే ఉన్నాడనుకుంటా, మన ట్రాఫిక్ అలాంటిది.

1,90,000 క్యాష్, 20,000 యూపీఐ. "రెండు లక్షలు క్యాష్ తీస్కుంటే ఇన్‌కం ట్యాక్సోళ్లతో లొల్లి అన్నా" అన్నాడు. అది నిజమే. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకుంటే తీసుకున్నవాడికి అంత మొత్తమూ పెనాల్టీ పడొచ్చు. ఆహా, రూలు తెలిసిన మనిషి, పద్ధతైనవాడు అనుకున్నా చూడండి! బిల్లు చేతిలో పెడితే మడిచి పర్సులో పెట్టుకున్నా. చదవలేదు. ఆఫీసులో పొద్దుటినుంచి రాత్రిదాకా వెండర్ల బిల్లుల్లో తప్పులు పట్టేది నేనే. నా బిల్లు నేను చదవలేదు.

ఇంటికొచ్చి టైమ్ పెడుతుంటే కీ బొడిపె లాగాలి కదా. మర విప్పి లాగితే ఒక టిక్ వచ్చింది. తిప్పితే ముల్లు కదల్లేదు, ఏమీ జరగలేదు. ఇంకోసారి లాగితే రెండో టిక్, అప్పుడు ముళ్లు తిరిగాయి. లగ్జరీ వాచీ కదా, ఏదో ప్రత్యేకమైన ఏర్పాటు అనుకుని మురిసిపోయా. మా అబ్బాయికి కూడా చూపించా, "విన్నావా, రెండు టిక్కులు!" అని. అసలు సంగతేంటంటే, ఆ మొదటి టిక్ తేదీ మార్చుకునే చోటు. డయల్ మీద తేదీ లేని వాచీలో తేదీ మార్చే చోటు ఎందుకుంటుంది? తేదీ ఉండే చవక మిషన్ ఏదో తెచ్చి లోపల పెట్టి, పైన తేదీ లేని డయల్ మూసేస్తే ఉంటుంది. అసలైన ఈ మోడల్‌లో ఉండే ఎంటీ5402 మిషన్‌కి తేదీయే లేదు. దొంగ నాకు మొదటి రాత్రే టిక్కు టిక్కుమని చెప్పాడు. నేను చప్పట్లు కొట్టా.

తర్వాత శుక్రవారం రాత్రి పదింటికి నిండా కీ ఇచ్చి టేబుల్ మీద పెట్టా. 70 గంటలు నడవాలి, అంటే సోమవారం రాత్రి ఎనిమిదిదాకా. ఆదివారం భోజనాలప్పుడు చూస్తే 12:40 దగ్గర ఆగి ఉంది. నలభై గంటలు కూడా నిండలేదు. మళ్లీ పెట్టా, మళ్లీ అంతే. రోజుకి ఇరవై సెకన్లు ముందుకి కూడా పోతోంది. కంపెనీ చెప్పుకునేది రోజుకి రెండు సెకన్లు వెనక్కి, నాలుగు ముందుకి, అంతలోపు. షాపుకి ఫోన్ చేశా. "కొత్త చేయి కదన్నా, అలవాటు పడాలె" అన్నాడు. వాచీకి చేయి అలవాటు కావడం ఏంటి, అదేమన్నా కుక్కపిల్లా?

నాన్న హెచ్ఎంటీ జనతా బాగుచేసే పెద్దాయన ఒకాయన ఆబిడ్స్ వైపు గల్లీలో కూర్చుంటాడు. చాచా అంటాం. ఆయనకి ఇచ్చా. ఈ మోడల్‌కి వెనక అద్దం ఉండదు, గట్టి స్టీలు మూత. చాచా దాన్ని చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు, బొడిపె రెండుసార్లు లాగాడు, నా మొహం చూశాడు. "తెరవమంటవా?" అని అడిగి మరీ తెరిచాడు. కంటికి గ్లాసు బిగించి అరనిమిషం చూసి, గ్లాసు నాకిచ్చాడు. ఊగే చక్రం మీద పట్టీ ఒక్కవైపే బిగించి ఉంది. అసలు దాంట్లో అది వంతెనలాగా రెండువైపులా బిగించి ఉంటుందట. బరువుపలక మీద కంపెనీ పేరు చెక్కి లేదు, పైపైన ముద్ర కొట్టి ఉంది, అదీ కాస్త పక్కకి జరిగి. "చైనా మిషన్ బేటా. మంచిదే, నడుస్తది. మూడు నాలుగు వేలు చేస్తది. ఎంతిచ్చినవ్?" చెప్పలేకపోయా. ఆయన మళ్లీ అడగలేదు. మూత మూసేశాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. "నాయన జనతా తీస్కరా, నూనె వేస్తా" అన్నాడంతే.

ఇక నిన్నటి సంగతి. దీనికోసమే ఇదంతా రాస్తున్నది.

అదే కౌంటర్, అదే మనిషి. మొదట "రా అన్నా" అన్నాడు. వాచీ ట్రేలో పెట్టి మిషన్ డూప్లికేట్ అన్నాను. ఉలిక్కిపడలేదు. గ్లౌజులు కూడా వేసుకోలేదు, ఉత్త చేత్తో తీసి తిప్పి చూసి, "వెనక మూత తీయించిన్రా?" అని అడిగాడు. తీయించానన్నా. అంతే. మొహంలో నిజంగా వెలుగొచ్చిందండీ. దాని కోసమే కూర్చున్నట్టు. "మూత తీసినంక మా గ్యారంటీ ఉండదు సార్. లోపల మిషన్ మీరు మార్చిన్రో, మీ చాచానో మామూనో మార్చిండో నాకేం ఎరుక?"

అన్నా పోయి సార్ వచ్చింది. మూత తీయకపోతే దొంగదని తెలీదు, తీస్తే దొంగ నేనే! నన్నంటే పడేవాణ్ణి. అరగంట పని చేసి రూపాయి ముట్టని ముసలాయన్ని దొంగని చేశాడు.

గొంతు లేచింది నాది. బిల్లు తీశా. ఆయనే నిదానంగా నా చేతిలోంచి తీసుకుని, గట్టిగా, అందరికీ వినబడేలా చదివాడు: "స్ట్రాప్, సర్వీస్ చార్జీలు. ఇరవై వేలు." చదివి మడతపెట్టి నా చొక్కా జేబులో దోపాడు. "మీరు మా దగ్గర స్ట్రాప్ కొన్నరు సార్. వాచీ ఎక్కడ కొన్నరో మాకు తెల్వదు." నాది స్టీలు చైన్ వాచీ. దానికి స్ట్రాపే లేదు! వాట్సాప్ తీసి చూపిద్దామంటే మా చాట్ ఖాళీ. 24 గంటల్లో మెసేజ్‌లు మాయమయ్యే సెట్టింగు మొదటిరోజే పెట్టాడు. పైన చిన్నగా రాసి కూడా ఉంది, నేను చూళ్లేదు.

ఇదంతా ఒకెత్తు. నేను అరుస్తుండగానే పక్క టేబుల్ దగ్గర ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. పాతికేళ్లుంటాయి, మెడలో ఆఫీసు ట్యాగు తీయలేదు. ముందు ట్రేలో నేను కొన్నదే, నీలం డయల్. ఈ పెద్దమనిషి నా జేబు తట్టి, అటు తిరిగి, గొంతు మార్చి, "తమ్ముడూ, ఆయనది వేరే లొల్లి, నువ్వు టెన్షన్ పడకు. నా తమ్ముడికైతే ఇదే ఇస్తా" అన్నాడు. అవే మాటలు. ఆగే చోట్లు కూడా అవే. చాయ్ కప్పు కూడా వచ్చింది.

నేను ఒక్క మాట అనుండొచ్చు ఆ అబ్బాయితో. సెక్యూరిటీ మోచెయ్యి పట్టుకున్నాడు, నాకు సిగ్గేసింది, మెట్లు దిగేశా. రాత్రంతా నిద్ర పట్టనిది డబ్బుకి కాదు, దీనికి.

1915కి ఫోన్ చేశా, వినియోగదారుల హెల్ప్‌లైన్. మర్యాదగానే మాట్లాడారు, మొదట అడిగింది బిల్లే. జిల్లా కమిషన్‌లో 5 లక్షల లోపు కొనుగోలుకి ఫిర్యాదు ఫీజు లేదు, వేస్తా. కానీ నా దగ్గర ఉన్న కాగితం స్ట్రాప్‌ది.

మీరు కొనేటట్టయితే, చీటీ పాడినవాడి సలహా ఇది, మీ ఇష్టం. డబ్బంతా బ్యాంకు నుంచే పంపండి. బిల్లు మీద మోడల్, సీరియల్ నంబరు, మొత్తం ధర ఉన్నాయో లేదో అక్కడే నిలబడి చదవండి. డబ్బు ఇవ్వకముందే, వాళ్ల మనిషి ఎదురుగా, మీకు తెలిసిన మెకానిక్‌తో మూత తీయించండి. ఒప్పుకోకపోతే సమాధానం వచ్చేసినట్టే. నంబర్లు కలిశాయని మురవకండి. ఓపిక ఉంటే ఇంకో ఏడాది చీటీ కట్టి కంపెనీ డీలర్ దగ్గరే కొత్తది కొనండి. దానికి ఐదేళ్ల గ్యారంటీ, రేపు ఎవరికైనా అమ్మినా వాచీతోపాటే పోతుంది. నాకు ఇదంతా ముందే తెలుసు. వీడియోలు చూసి నోట్స్ కూడా రాసుకున్నా.

నిన్న సాయంత్రం అక్కడ కూర్చున్న తమ్ముడూ, మెడలో నీలం తాడు ట్యాగు, పక్కన హెల్మెట్. అడ్వాన్సు మాత్రమే ఇచ్చి ఉంటే మిగతాది ఇవ్వకు. వాచీ ఇప్పటికే తీసుకుని ఉంటే బొడిపె మర విప్పి మెల్లగా లాగి చూడు. మధ్యలో ఏ పనీ చేయని టిక్ ఒకటి వస్తే నాకు మెసేజ్ పెట్టు. మూత మాత్రం ఒక్కడివే వెళ్లి తీయించకు, ఫోన్‌లో వీడియో తీస్తూ ఇద్దరం కలిసి తీయిద్దాం. చాచా పొద్దున పదకొండుకి వస్తాడు.