పోలార్ హెచ్10 ఛాతీ బెల్టు: ఏ సాధనకు ఎంత ఉపయోగం?

ఫిన్లాండ్‌కు చెందిన పోలార్ సంస్థ తయారుచేసే హెచ్10 బెల్టును రొమ్ము కింద కట్టుకోవాలి. చేతి గడియారాలు చర్మంలోకి కాంతిని పంపి, రక్తప్రవాహంలో వచ్చే మార్పును బట్టి నాడిని అంచనా వేస్తాయి. ఈ బెల్టు గుండె విద్యుత్ సంకేతాన్నే అందుకుంటుంది కాబట్టి, పరుగు వేగం ఒక్కసారిగా మారినా, డంబెల్‌ను బిగించి పట్టుకున్నా లెక్క తప్పే అవకాశం చాలా తక్కువ.

ఖచ్చితత్వం విషయంలో దీనికి మంచి మార్కులే వేయవచ్చు. కొనేవారు ఆలోచించవలసిన ప్రశ్న వేరే ఉంది: తెర మీద కనిపించే ఆ గుండె స్పందనల అంకె ఏ సాధనలో ఎంతవరకు పనికివస్తుంది? శరీరం నిమిషానికి ఎంత ఆక్సిజన్ వాడుకుంటుందన్నది గుండె స్పందనల సంఖ్యతో పాటు, ఒక్కో స్పందనకు గుండె నెట్టే రక్తం మీద, ఆ రక్తం నుంచి కండరాలు తీసుకునే ఆక్సిజన్ మీద కూడా ఆధారపడుతుంది. ఈ మూడింటిలో బెల్టుకు అందేది మొదటిది ఒక్కటే.

దీని విలువ బాగా తెలిసేది నాలుగేసి నిమిషాల ఇంటర్వెల్ సాధనలో. గరిష్ఠ స్పందనలో (గుండె నిమిషానికి అత్యధికంగా కొట్టుకోగల సంఖ్యలో) 90 నుంచి 95 శాతం దగ్గర నాలుగు నిమిషాలు పరుగెత్తి, ఆపై 70 శాతం దగ్గర మూడు నిమిషాలు తేలికగా కదిలే ఈ పద్ధతిని నార్వే పరిశోధకులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో పరీక్షించారు. వారానికి మూడుసార్లు చొప్పున ఎనిమిది వారాలు ఇలా సాధన చేసినవారిలో గరిష్ఠ ఆక్సిజన్ వినియోగం సుమారు 7 శాతం పెరగగా, ఒక్కో స్పందనకు గుండె నెట్టే రక్తం కూడా పెరిగింది. మొత్తం శ్రమ సమానంగా ఉండేలా నిదానంగా ఎక్కువ దూరం పరుగెత్తినవారిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. పూర్తిగా స్పందన శాతాల మీద నడిచే ఇటువంటి సాధనకు హెచ్10 వంటి పరికరం దాదాపు తప్పనిసరి. అయితే ప్రతి రౌండులోనూ మొదటి నిమిషంలో అంకె 90 శాతానికి చేరలేదని వేగం పెంచకూడదు. పెంచితే చివరి రౌండుకు ఓపిక మిగలదు. మరో జాగ్రత్త, గరిష్ఠ స్పందనను అంచనా వేయడానికి 220 నుంచి వయసు తీసివేసే సూత్రం ఒక్కో వ్యక్తి విషయంలో పది స్పందనలకు పైగా తేడా చూపవచ్చు. గరిష్ఠ స్పందన తప్పైతే శాతాలన్నీ తప్పే.

20 సెకన్ల తీవ్ర శ్రమ, 10 సెకన్ల విరామంగా సాగే టబాటా పద్ధతిలో కథ మారుతుంది. శ్రమ మొదలైన వెంటనే గుండె గానీ ఆక్సిజన్ వినియోగం గానీ ఆ శ్రమకు తగ్గ స్థాయికి చేరవు. అంకె ఇంకా ఎక్కుతుండగానే విరామం వచ్చేస్తుంది కనుక, దాన్ని చూసి వేగం నిర్ణయించుకోవడం కుదరదు. సాధన ముగిశాక గ్రాఫు చూసుకోవడానికి మాత్రం బాగుంటుంది.

బరువుల వ్యాయామంలో ఇది ఇచ్చే సమాచారం నన్ను అంతగా ఒప్పించలేదు. భారీ స్క్వాట్ సెట్టులో కనిపించే 150, పరుగులో కనిపించే 150 ఒకటి కావు. ఊపిరి బిగబట్టి బరువెత్తినప్పుడు రక్తపోటు తీవ్రంగా పెరుగుతుంది, గుండె వేగం కూడా ఎక్కుతుంది, కానీ అదే స్పందన వద్ద సాగే పరుగుతో పోలిస్తే ఆక్సిజన్ వినియోగం తక్కువగా ఉంటుంది. అందువల్ల స్పందనను ఆధారం చేసుకుని యాప్‌లు చూపే క్యాలరీల లెక్కను బరువుల రోజున పట్టించుకోకపోవడమే మేలు.

విజయవాడ వేసవి వంటి ఎండలో దూరపు పరుగుకు వెళ్లేవారు మరొకటి గమనించాలి. చెమటతో రక్తంలోని ద్రవం తగ్గేకొద్దీ ఒక్కో స్పందనకు గుండె నెట్టే రక్తం తగ్గుతుంది. ఆ లోటు పూడ్చేందుకు, వేగం పెంచకపోయినా అంకె పైకి జరుగుతుంది.

వాడకం సులువే. కట్టుకునే ముందు ఎలక్ట్రోడ్లను (పట్టీలో చర్మానికి తగిలి సంకేతాన్ని అందుకునే భాగాలను) తడపాలి, సాధన ముగిశాక సెన్సర్‌ను పట్టీ నుంచి విడదీయాలి, లేకపోతే బ్యాటరీ వృథా అవుతుంది. సీఆర్2025 నాణెం బ్యాటరీని ఇంట్లోనే మార్చుకోవచ్చు. ఇంటర్వెల్ సాధన క్రమం తప్పకుండా చేసేవారు దీన్ని నిస్సందేహంగా కొనవచ్చు. బరువులకే పరిమితమైనవారికి ఈ ఖర్చు అవసరం లేదు. బీటా బ్లాకర్ మాత్రలు వాడేవారు సాధారణ శాతాలను అనుసరించకుండా ముందుగా వైద్యుణ్ని అడగాలి, ఎందుకంటే ఆ మందులు స్పందననే తగ్గిస్తాయి.