కోర్టు తరలిపోతుందంటే: సంతకాలా, హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యమా (పిల్)?

దోర్నాల అడవిలో అలుగును (పాంగోలిన్) పట్టిన కేసు మార్కాపురంలో నడిస్తే, సాక్షి చెప్పాల్సిన చెంచు వాచర్ పొద్దున బస్సెక్కి చీకటి పడేలోపు గూడెం చేరతాడు. అదే ఒంగోలైతే రోజు కూలీ పోతుంది, రెండో వాయిదాకు మనిషి రాడు, కేసు వీగిపోతుంది. అలుగు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో షెడ్యూల్ 1 జీవి, రుజువైతే 3 నుంచి 7 ఏళ్ల జైలు. సాక్షే లేకపోతే ఆ సెక్షన్ ఎందుకు?

అందుకే మార్కాపురం కోర్టును తరలిస్తారన్న మాట వినబడితే ముందు తేల్చుకోవాల్సింది ఇదే: సంతకాలు పెట్టించి వినతిపత్రం ఇవ్వాలా, పిల్ వేయాలా.

ఖర్చు: సంతకాలకు జిరాక్సులు, ఆటో కిరాయి. పిల్‌కు వకీలు ఫీజు, అమరావతి తిరుగుడు.

శ్రమ: సంతకాలకు కాళ్లరగాలి. పిల్‌కు కాగితాలు కావాలి: ఏ కేసు ఎందుకు వాయిదా పడిందో చూపే కోర్టు రికార్డుల నకళ్లు తీసుకోవాలి.

రిస్కు: వినతిపత్రం బీరువాలో పడుకోవచ్చు. పిల్ కొట్టేస్తే మాత్రం ఆ తర్వాత ఎవరడిగినా "హైకోర్టే తేల్చింది కదా" అంటారు. నాకైతే రెండోదే పెద్ద భయం.

ఇంకోటి. రాజ్యాంగం 235వ అధికరణ ప్రకారం కింది కోర్టులపై అదుపు హైకోర్టుదే. కాబట్టి వినతిపత్రం హైకోర్టు రిజిస్ట్రార్ జనరల్‌కూ చేరాలి. ఎమ్మెల్యేకు ఇచ్చి ఫొటో దిగితే సరిపోదు.

ప్రతిపాదన దశలోనే ఉంటే సంతకాలు, వాటికి బార్ అసోసియేషన్ తీర్మానం జతచేసి. ఉత్తర్వు వచ్చి తేదీ కూడా పడితే పిల్, అదీ గట్టి వకీలు దొరికితేనే.