నారాయణపేట వజ్రాల బ్రోచర్ చేతికొస్తే ముందు భూకోశ్ తెరవండి

పాలమూరు, నల్లగొండ వైపు తవ్వకానికి ముందు దశలో ఉన్న ఖనిజాన్వేషణ కంపెనీల్లో డబ్బు పెట్టాలనుకునేవారికి జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ) వారి భూగర్భ సమాచార పోర్టల్ భూకోశ్ నిజంగా పనికొస్తుంది. రిజిస్టర్ చేసుకుంటే చాలు, పైసా ఖర్చు లేదు. కంపెనీ చెప్పిన బ్లాకు చుట్టూ గీత గీసి, జియాలజీ (ఎక్కడ ఏ రాయి ఉందో), జియోకెమిస్ట్రీ (నమూనాల్లో ఏ మూలకం ఎంత ఉందో) లేయర్లు దించుకుని, మ్యాపులు చూసే ఉచిత సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్‌లో తెరవండి. ఫోన్‌లో పెట్టుకోకండి, ల్యాప్‌టాప్ కావాల్సిందే. పెద్ద ప్రాంతం ఎంచుకుంటే మొరాయిస్తుంది, చిన్న ముక్కలుగా తీసుకోండి.

నారాయణపేటలో కింబర్లైట్ (వజ్రాలు దొరికే అవకాశం ఉన్న రాయి) ఉందన్నది ఎప్పుడో తెలిసిన సంగతే. కింబర్లైట్ ఉన్నచోటల్లా వజ్రం ఉండదు, ఆ మాట మాత్రం బ్రోచర్లో రాయరు!

జియోకెమిస్ట్రీ నమూనాలు మామూలుగా 2×2 కిలోమీటర్ల గడికి ఒకటి. అందులో బంగారం ఎక్కువ కనిపిస్తే అది వెతకాల్సిన చోటు మాత్రమే, నిక్షేపం కాదు. యూనిట్లూ చూడండి: 500 పీపీబీ (వంద కోట్లలో 500 వంతులు) అంటే టన్నుకు అర గ్రామే.

డ్రిల్లింగ్ ఫలితాలకు మాత్రం కంపెనీ పత్రాలే చూడాలి. "20 మీటర్లలో సగటున 3 గ్రాములు" (టన్ను రాయికి అంత బంగారం) అని రాస్తే మీటరు వారీ పట్టిక అడగండి. ఒక్క మీటరులో 50 గ్రాములు పడితే, మిగతా 19 మీటర్ల సగటు 0.53 గ్రాములే. పట్టిక ఇవ్వనంటే డబ్బు పెట్టొద్దు.