‘నో రిజల్ట్స్ పోస్టెడ్’: క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ మీద నా రివ్యూ

మందుల్ని మనుషుల మీద పరీక్షించి చూసే క్లినికల్ ట్రయల్స్‌లో ఏడేళ్లు స్టడీ కోఆర్డినేటర్‌గా పనిచేశాను. ట్రయల్‌లో చేరడానికి వచ్చినవాళ్ల పక్కన కూర్చుని కన్సెంట్ ఫారం, అంటే సమ్మతి పత్రం, చదివి వినిపించడం నా పనుల్లో ఒకటి. అందులో ఒక పేరా ఉండేది. అమెరికా చట్టం ప్రకారం ఈ ట్రయల్ వివరాలు క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్ అనే వెబ్‌సైట్‌లో ఉంటాయి, మీరెవరో తెలిసే సమాచారం అందులో పెట్టరు, మహా అయితే ఫలితాల సారాంశం ఉంటుంది, ఎప్పుడు కావాలన్నా చూసుకోవచ్చు అని. వందల సార్లు చదివాను. దాని గురించి ఎవరూ ఒక్క ప్రశ్న వేసేవారు కాదు. అందరి టెన్షనూ సైడ్ ఎఫెక్టుల పేజీ మీదే.

ఒక్క మాస్టారు మాత్రం ఆ మాట గుర్తుపెట్టుకున్నారు. అది కీళ్లనొప్పుల మందు ట్రయల్. ఏడాదిన్నర పాటు ఒక్క విజిట్ కూడా మానలేదు. మేమిచ్చిన డైరీలో రోజూ రాత్రి నొప్పికి సున్నా నుంచి పది వరకు అంకె వేసి, పక్కన గుండ్రటి అక్షరాలతో ‘మెట్లు ఎక్కాను’, ‘ఎక్కలేదు’ అని రాసేవారు. ట్రయల్ మొత్తం ముగిసిన రెండేళ్లకి ఫోన్ చేసి, “అమ్మా, మన మందు సంగతి ఏం తేలింది? వెబ్‌సైట్‌లో పెడతారని చదివావు కదా” అన్నారు.

“చూసి చెప్తాను మాస్టారూ” అన్నాను. ఈ సైట్‌ని మొదటిసారి శ్రద్ధగా చూసింది ఆ రోజే. అప్పటినుంచి దాదాపు వారానికొకసారైనా తెరుస్తున్నాను.

దీన్ని నడిపేది అమెరికాలోని నేషనల్ లైబ్రరీ ఆఫ్ మెడిసిన్. 2000 ఫిబ్రవరిలో మొదలైంది. ఇప్పుడు ఐదు లక్షలకు పైగా స్టడీలు ఉన్నాయి, అవి 200కు పైగా దేశాల్లో జరిగినవి, జరుగుతున్నవి. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. జబ్బు పేరుతోనో మందు పేరుతోనో వెతకొచ్చు. ప్రతి స్టడీకీ ఇచ్చే నంబరు, ఎన్‌సీటీ అనే అక్షరాల తర్వాత ఎనిమిది అంకెలుండేది, మీ దగ్గరుంటే ఇంకా తేలిక, కొట్టగానే నేరుగా ఆ స్టడీ పేజీ వచ్చేస్తుంది.

మా ట్రయల్ పేజీ అలాగే వచ్చింది. స్టేటస్ ‘కంప్లీటెడ్’. పైన వరసగా నాలుగు ట్యాబులు. మూడో దాని మీద ‘నో రిజల్ట్స్ పోస్టెడ్’, అంటే ఫలితాలు పెట్టలేదు అని ఉంది. నొక్కితే లోపల ఏమీ లేదు.

మొదట కోపం వచ్చింది, సైట్ మీదే. తర్వాత అర్థమైంది, ఆ ఖాళీని నాకు చూపించింది ఈ సైటేనని. ఇది లేని రోజుల్లో ఆ ఖాళీ కూడా కనిపించేది కాదు. ట్రయల్ జరిగేది, ఫలితం బాగోకపోతే కాగితాలు బీరువాలోకి వెళ్లేవి, అలాంటి ట్రయల్ ఒకటి జరిగిందనే సంగతే బయటివాళ్లకి తెలిసేది కాదు.

దీన్నే పబ్లికేషన్ బయాస్ అంటారు. దీని గురించి ఎవరికైనా చెప్పాల్సి వస్తే నేను 2008లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఎరిక్ టర్నర్ అనే పరిశోధకుడి బృందం వేసిన లెక్కే చెప్తాను. 12 డిప్రెషన్ మందుల మీద మందులకి అనుమతిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌డీఏ దగ్గర నమోదైన 74 స్టడీలు తీసుకున్నారు. ఎఫ్‌డీఏ దృష్టిలో వాటిలో మందుకు అనుకూలంగా వచ్చినవి 38. అందులో 37 జర్నళ్లలో అచ్చయ్యాయి. మిగతా 36లో ఉన్నది ఉన్నట్టు అచ్చయినవి 3 మాత్రమే. 22 అసలు బయటికే రాలేదు, 11 మందు పనిచేసినట్టు అనిపించేలా రాశారు. జర్నళ్లు మాత్రమే చదివే డాక్టరుకి 94 శాతం స్టడీలు అనుకూలంగా కనిపిస్తాయి. ఎఫ్‌డీఏ ఫైళ్లు చూస్తే 51 శాతమే. ఆ డాక్టరు మంచివాడే, కష్టపడి చదివినవాడే. ఆయన ముందు పెట్టిందే సగం.

లోర్కైనైడ్ అనే మందు కథ ఇంకా బాధ కలిగిస్తుంది. 1980లో గుండెపోటు వచ్చినవాళ్లలో గుండె లయ సరిచేయడానికి ఆ మందు వాడి చూశారు. పాల్గొన్నది వందకు కాస్త తక్కువ మంది. మందు తీసుకున్నవాళ్లలో 9 మంది చనిపోయారు, ప్లాసిబో, అంటే మందు లేని ఉత్తి మాత్ర, తీసుకున్నవాళ్లలో ఒకరు. వ్యాపార కారణాలతో ఆ మందు ఆగిపోయింది, ఫలితాలూ అక్కడే ఉండిపోయాయి. అవి అచ్చయింది 1993లో. ఈలోపు అదే కోవకు చెందిన వేరే మందులు గుండెపోటు రోగులకి ఇస్తూనే వచ్చారు. వాటివల్ల మరణాలు పెరుగుతున్నాయని 1989లో మరో పెద్ద ట్రయల్ వల్ల గాని తెలియలేదు.

సరే, సైట్ దగ్గరికి వస్తాను. నాకు అన్నిటికన్నా నచ్చింది ‘రికార్డ్ హిస్టరీ’ ట్యాబ్. స్పాన్సర్, అంటే ట్రయల్ చేయించే కంపెనీ లేదా సంస్థ, ఆ పేజీని ఎన్నిసార్లు మార్చితే అన్ని పాత కాపీలూ తేదీలతో సహా అక్కడుంటాయి. ఏ రెండింటినైనా టిక్ పెట్టి పోల్చుకోవచ్చు. నేను ముందు చూసేది ప్రైమరీ అవుట్‌కమ్, అంటే ‘మందు పనిచేసిందో లేదో ఫలానా కొలత చూసి తేలుస్తాం’ అని మొదట్లోనే రాసిచ్చే మాట. ఆరు నెలల నొప్పి అని రాసి, డేటా చేతికొచ్చాక మూడు నెలల నొప్పి అని మారిస్తే ఇక్కడ దొరికిపోతుంది. ముందే రాసిపెట్టడం ఎంత మారుస్తుందో 2015లో రాబర్ట్ కాప్లన్, వెరోనికా అర్విన్ అనే పరిశోధకులు చూపించారు. అమెరికాలోని నేషనల్ హార్ట్, లంగ్ అండ్ బ్లడ్ ఇన్‌స్టిట్యూట్ డబ్బుతో జరిగిన పెద్ద ట్రయల్స్‌లో, 2000కి ముందు అచ్చయిన 30లో 17 మేలు చూపించాయి. ఆ తర్వాతి 25లో రెండే. రిజిస్ట్రేషన్, అంటే ఇలా ముందే నమోదు చేయడం, ఒక్కటే దీనికి కారణమని తేల్చలేం గాని, నేనైతే ఆ అంకెలు చూశాక జర్నల్ పేపర్ చదివే ముందే ఈ సైట్ తెరుస్తున్నాను.

ఫలితాలు పెట్టిన స్టడీల్లో పేజీ నిజంగా బాగుంటుంది. ఎంతమంది చేరారు, ఎంతమంది మధ్యలో మానేశారు, ఎందుకు మానేశారు, తీవ్రమైన సైడ్ ఎఫెక్టులు ఏ గుంపులో ఎన్ని అన్నీ పట్టికల్లో ఉంటాయి. పేపర్‌లో ఒక్క వాక్యంతో దాటేసే సైడ్ ఎఫెక్టులు ఇక్కడ వరసగా కనిపిస్తాయి. కానీ మామూలు మనిషికి అది అర్థం కాదు. అన్నీ అంకెలే, ‘మందు పనిచేసింది’, ‘పనిచేయలేదు’ అనే ఒక్క ముక్క ఎక్కడా ఉండదు. మాస్టారి లాంటివాళ్లకి అలాంటి నాలుగు మాటలు తప్పనిసరి చేయాలి.

ఇంకో లోపం చెప్పకపోతే తప్పవుతుంది. ఇందులో రాసేది స్పాన్సర్లే. పేరు ఇక్కడ ఉన్నంత మాత్రాన ఆ స్టడీని ప్రభుత్వం మంచిదని ఒప్పుకున్నట్టు కాదు. సైట్‌లోనే ఆ హెచ్చరిక ఉంటుంది, చాలామంది చదవరు. పేషెంట్ల దగ్గరే డబ్బు తీసుకునే స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్స చేసే క్లినిక్కుల స్టడీలు కూడా ఇక్కడ కనిపించాయి. దయచేసి మీ డాక్టరుని అడగకుండా దేనిలోనూ చేరకండి.

చట్టం సంగతి. అమెరికాలో 2007లో వచ్చిన చట్టం ప్రకారం దాని పరిధిలోకి వచ్చే ట్రయల్స్ ప్రైమరీ అవుట్‌కమ్ డేటా సేకరణ పూర్తయిన ఏడాదిలోగా ఫలితాలు పెట్టాలి. మందుకి ఇంకా అనుమతి రాకపోతే వాయిదా కోరుతూ సర్టిఫికెట్ ఇవ్వొచ్చు, అందుకే ఖాళీ ట్యాబ్ కనబడగానే దొంగతనం అనేయకూడదు. ఆ సర్టిఫికెట్ తేదీ కూడా రికార్డులో ఉంటుంది, చూడండి. జరిమానా రోజుకి పది వేల డాలర్లకు పైనే వేయొచ్చు. అయినా పాటించలేదని ఎఫ్‌డీఏ మొదటి నోటీసు ఇచ్చింది 2021లో. పద్నాలుగేళ్లు! నేను ఈ సైట్‌కి ఐదు స్టార్లలో నాలుగే ఇవ్వడానికి కారణం ఇదే, ఇందులో సైట్ తప్పేమీ లేదని తెలిసినా.

మా ట్రయల్ పేజీలో ఆ వాయిదా సర్టిఫికెట్ తేదీ కూడా లేదు. పేజీలో ఉన్న కాంటాక్ట్‌కి రెండుసార్లు మెయిల్ పెట్టాను, జవాబు రాలేదు.

మాస్టారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, “ఆ నంబరేదో చెప్పమ్మా, నేనూ చూస్తుంటాను” అన్నారు. పెన్ను తెచ్చుకునేదాకా ఆగమని, ఎనిమిది అంకెలూ ఒక్కొక్కటిగా చెప్పించుకుని రాసుకున్నారు. చివర్లో మొత్తం నాకు తిరిగి చదివి వినిపించారు, సరిగ్గా ఉందో లేదో చూడమని.